ఆడవేషం ఆడవాళ్లే కట్టిన నాటకాలూ ఉన్నాయి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవానికి మీ పత్రిక వేసిన వ్యాసం చదివాను. కందుకూరి వీరేశలింగం గారితో మొదలుపెట్టి ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ దాకా బాగానే రాశారు. మా సీమ వాళ్లకు పేపర్లో అంత చోటు దొరకడమే అరుదు, సంతోషం. కానీ ఒక మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ కాలంలో ఆడవేషాలన్నీ మగవాళ్లే కట్టేవారట, రాఘవ గారు పట్టుబట్టిన తర్వాతే స్త్రీలు స్టేజీ ఎక్కారట. ఇది సగం నిజం. మిగతా సగం మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె మూత లోపల అతుక్కుని ఉంది.

ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే ఎక్కడైనా కత్తిరించండి గానీ, దస్తావేజుల సంగతి మాత్రం ఉంచండి.

నేను చిత్తూరులో దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రారు ఆఫీసు పక్కన కూర్చుని జనం ఇళ్లూ పొలాలూ చేతులు మారేటప్పుడు కాగితం రాసిపెట్టడం నా పని. మా నాయన కూడా అదే పని చేశాడు. ఆయన నాయన, అంటే మా తాత, స్కూలు మాస్టరు. ఆ తాతను కన్న తల్లి నాటకాల్లో వేషాలు కట్టింది. నాకు ముత్తవ్వ అవుతుంది. చిన్నప్పుడు మాకు చెప్పింది వేరు: ముత్తవ్వ సంగీతం టీచరు, పిల్లలకు సరళీ స్వరాలు నేర్పేది, శుక్రవారం భజన చేసేది. అవి అబద్ధాలు కావు. ఆమె 1961లో పోయింది. అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందు ఆమె ఏం చేసిందో చెప్పకుండా వదిలేశారు, అంతే.

ముత్తవ్వ పేరు ఇక్కడ రాయడం లేదు. దానికి కారణం మా పెద్దత్త, మా నాయనకు అక్క. ముత్తవ్వ చేతుల్లో పెరిగిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది. ట్రంకుపెట్టె కూడా ఆమె దగ్గరే ఉంది. నేను వివరాలు తీస్తున్నానని తెలిసి, "ఏమిరా నాయనా, మట్టిలో కలిసిపోయినామెను మళ్లా స్టేజీ ఎక్కిస్తావా? మన పిల్లోళ్లకు పెండ్లిళ్లు కావల్ల" అన్నది. ఆమె ఉన్నంత కాలం ముత్తవ్వ పేరు అచ్చులో పడనివ్వనని మాటిచ్చాను. పేరు లేకపోయినా చెప్పాల్సింది చెప్పొచ్చు.

ఆ పెట్టె మూత లోపల రవివర్మ లక్ష్మీదేవి పటం పక్కన ఒక గులాబీరంగు కరపత్రం అతికించి ఉంది. మిగతా కరపత్రాలన్నీ మా తాత పెళ్లి కుదిరినప్పుడు ముత్తవ్వే నీళ్లపొయ్యిలో పెట్టిందట. ఇది గంజితో అతికించింది కాబట్టి ఊడిరాలేదు, బతికింది. అక్షరాలు చాలావరకు చదవొచ్చు. శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగరణ రాత్రి, 9.30 గంటలకు, "చిత్రనళీయము", నలదమయంతుల నాటకం. దమయంతిగా మా ముత్తవ్వ. పేరుకు ముందు "మిస్" అని ఉంది, ఆ రోజుల్లో నాటకాల్లో చేరినామెకు వయసెంతైనా, పిల్లలున్నా, కరపత్రంలో మిస్సే. కుర్చీ రూపాయి, బెంచీ 8 అణాలు, నేల 3 అణాలు, ఆడవాళ్లకు వేరే చాపలు. చివర పెద్ద అక్షరాలతో ఒక ముక్క: "స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించెదరు."

సంపాదకులు గారూ, ఆ ముక్క కోసమే మీకు రాస్తున్నాను. కంపెనీ యజమాని దాన్ని అంత లావు అక్షరాలతో ఎందుకు వేయించాడు? జనం దానికోసమే టికెట్టు కొంటారని. మగవాళ్లు ఆడవేషం కట్టే నాటకాలు ఎక్కువ, నిజమే. అందుకే ఇది ప్రత్యేకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. కానీ శ్రీకాళహస్తి లాంటి ఊళ్లో, శివరాత్రి నాడు, గుడికొచ్చిన జనం ముందు ఆడవాళ్లు బాహాటంగా ఆడారు, పాడారు. ఎవరూ దాచలేదు. దాచింది తర్వాతి తరాలు.

కరపత్రంలో తేదీ, వారం ఉన్నాయి గానీ సంవత్సరం లేదు. రేపెల్లుండి జరగబోయే ఆటకు సంవత్సరం ఎవరు వేస్తారు? ఫిబ్రవరి 21, శనివారం అని ఉంది. అప్పటి లెక్క చూస్తే ఫిబ్రవరి 21 శనివారం పడింది 1914, 1920, 1925, 1931లలో. అయితే శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి కదా, అది అదే తేదీకి రావాలి. 1914లో రెండు రోజులు తర్వాత వచ్చింది, 1920లోనూ 1931లోనూ ముందే అయిపోయింది. సరిపోయేది 1925 ఒక్కటే, రక్తాక్షి సంవత్సరం. దస్తావేజుల పని చేసేవాడికి పాత పంచాంగం ముందేసుకుని తేదీలు సరిచూడడం అలవాటే. ఇళ్లల్లో ఇలాంటి కాగితాలు ఉన్నవాళ్లు తేదీ లేదని నిరాశ పడొద్దు. పండగ పేరో తిథో ఒక్కటి ఉంటే చాలు, సంవత్సరం పట్టుబడుతుంది.

రాఘవ గారి విషయం. ఆయన గొప్పతనం తగ్గించే ఉద్దేశం నాకు లేదు. బళ్లారిలో పేరున్న వకీలు, తను స్టేజీ మీద నిలబడి, స్త్రీ పాత్ర స్త్రీయే కట్టాలని ఊరూరా చెప్పాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్నవాళ్లు ఆయన పక్కన నటించారు, నానా మాటలు పడ్డారు. అది ధైర్యమే. కానీ ఆయన స్టేజీ మీదికి పిలిచింది సంసార స్త్రీలను. వాళ్లకంటే ముందు అక్కడ ఉన్నవాళ్లు వేరే. వాళ్లను లెక్కపెట్టకపోతేనే "అంతకుముందు ఆడవాళ్లు లేరు" అనే మాట నిలబడుతుంది.

ఎవరు వాళ్లు? ఒకటి, సురభి వాళ్లు. వనారస గోవిందరావు గారు మా పక్క కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడించింది 1885లో. తర్వాత అది కుటుంబాల కంపెనీ అయింది. అమ్మ, కూతురు, కోడలు అందరూ వేషాలు కట్టారు. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి గారు 1907లో పుట్టారు. వాళ్లమ్మ దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే కన్నదని చెప్పుకుంటారు. అప్పటికి రాఘవ గారికి ఇరవై ఏడేళ్లు. రెండోవాళ్లు కళావంతుల ఇళ్ల ఆడవాళ్లు. గుళ్లలో మేళం, జమీందారుల కొలువుల్లో ఆట, పదం, జావళి. ఆ పనులు తగ్గుతున్న కొద్దీ గొంతున్నవాళ్లు నాటకాల కంపెనీల్లో చేరారు. మా ముత్తవ్వ ఆ ఇంటి పిల్ల. ఈ మాట రాయడానికి మా ఇంట్లో నూరేళ్లు పట్టింది. పెద్దత్త చదివితే ఒక రోజు నాతో మాట్లాడదు, పర్వాలేదు.

ఆమె తల్లిది కార్వేటినగరం వైపు. ఆ సంస్థానం పేరు వినని వాళ్లకు: సారంగపాణి పదాలు పుట్టిన కొలువు అది. చిన్నప్పటి నుంచి ఆ పదాలు నోటికి వచ్చినామెకు దమయంతి పద్యాలు ఎంత పని?

ఈ విషయంలో మన ఊళ్ల తీరు నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాడు చీర కట్టి, గాజులేసుకుని వీధిలో నడిస్తే అది మొక్కు, కాళ్లకు నీళ్లు పోసి దండం పెడతాం. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిగితే ద్రౌపది వేషం కట్టిన మగవాడికి హారతిస్తాం. మన చిత్తూరు నాగయ్య గారు సినిమాల్లోకి పోకముందు సారంగధరలో చిత్రాంగిగా వేసి మెప్పించారు. స్థానం నరసింహారావు గారికి ఆడవేషాలతోనే పేరొచ్చింది, 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 1902లో పుట్టారు, మా ముత్తవ్వ ఇంచుమించు అదే ఈడు. ఆయనకు పద్మశ్రీ వచ్చిన ఏడు ఈమె చిత్తూరులో నెలకు రెండు రూపాయలకు పిల్లలకు గీతాలు నేర్పుతూ ఉంది. ఆయన అర్హుడు కాదని ఎవరంటారు? ఆడదాని వేషం మగవాడు కడితే కళ, ఆడదే కడితే ఇంటికి మచ్చ. నేను అనేది ఇంతే.

ఇక దస్తావేజులు. నాకు కరపత్రం కంటే ఇవే బలమైన సాక్ష్యం, ఎందుకంటే ఇవి నేను చదవగలిగిన భాష.

చిత్తూరులో మా పాత ఇల్లు ముత్తవ్వ కొన్నది. ఆ విక్రయ దస్తావేజు 1926 నాటిది. అందులో కొనేవారి వివరం ఇలా ఉంది: స్టేజీ పేరు, ఉరఫ్ అని ఇంటి పేరు, ఫలానా ఆమె కుమార్తె, నాటక వృత్తి, చిత్తూరు కాపురం. తండ్రి పేరు లేదు, భర్త పేరు లేదు, తల్లి పేరు ఉంది. ఇప్పటివాళ్లకు ఇది వింతగా అనిపించొచ్చు. కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో రెండో సెక్షన్ మొదటి నిర్వచనమే ఇది: దస్తావేజులో మనిషిని గుర్తించాలంటే ఉండే ఊరు, చేసే వృత్తి, తండ్రి పేరు రాయాలి, తల్లి పేరుతో పిలవబడే మనిషి అయితే తల్లి పేరు రాయాలి. చట్టం రాసినవాళ్లకు అలాంటి ఇళ్లు ఉన్నాయని తెలుసు. దాన్ని తప్పుగా చూడలేదు, ఒక వరుస వేసి వదిలేశారు. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో ఆ నిర్వచనం కంఠతా పెట్టాను గానీ, అది నా ఇంటికే వర్తిస్తుందని తెలియదు.

రెండో దస్తావేజు 1935ది, యువ నామ సంవత్సరం. అదే ఇల్లు కొడుకు పేర, అంటే మా తాత పేర, సెటిల్‌మెంటు చేసింది. అందులో ఆమె వివరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. స్టేజీ పేరు లేదు. ఉరఫ్ లేదు. తల్లి పేరు లేదు. "కీర్తిశేషులు ఫలానా వారి భార్య, సంగీతము చెప్పుకొని జీవించునది" అని ఉంది. తొమ్మిదేళ్లలో తల్లి మాయమైంది, నాటకం మాయమైంది, భర్త పుట్టుకొచ్చాడు, పుట్టిన చోటే చచ్చిపోయాడు కూడా.

ఆ ఫలానా ఆయన ఎవరో మా వంశంలో ఎవరికీ తెలియదు. ఫోటో లేదు, తద్దినం లేదు, ఆయన తరఫు చుట్టమంటూ ఒక్కడు లేడు. కానీ ఈ రోజు నా ఆధార్ కార్డులో ఉన్న ఇంటిపేరు ఆ దస్తావేజులోంచి వచ్చిందే. ఆయన్ని పుట్టించినవాడు నా వృత్తివాడే, ఏదో ఒక లేఖరి. అక్షరం చూస్తే చెయ్యి తిరిగినవాడని తెలుస్తుంది, చెక్కుబందీలు, అంటే ఇంటి నాలుగు హద్దులు, చక్కగా రాశాడు, ఒక్క కొట్టివేత లేదు. మా తాతకు సంబంధం కుదిరింది ఆ ఏడే. పిల్ల తరఫువాళ్లు ఏమడిగారో, ఈమె ఏమొప్పుకుందో, ఆ రెండు పంక్తుల్లో ఉంది. నేను ఆ లేఖరిని తిట్టుకోను. కొడుక్కి పెళ్లి కావాలని ఒక తల్లి ఎదుట కూర్చుని అడిగితే కాదనడం తేలిక కాదు.

మరి ఈ ఇద్దరూ ఒకే మనిషని ఎలా చెప్పగలను అంటారా? పేర్లు వేరు, వృత్తి వేరు, తల్లి ఒక చోట భర్త ఒక చోట. కోర్టులో వకీలు ఇదే అడుగుతాడు. జవాబు లింకు డాక్యుమెంటు. 1935 కాగితంలో హక్కు ఎలా వచ్చిందో చెప్పే చోట 1926 దస్తావేజు నంబరు వేసి, దాని మూలంగా నాకు సంక్రమించిన ఇల్లు అని రాసి తీరాలి, లేకపోతే ఇల్లు ఇవ్వడానికి ఆమెకు హక్కుందని చూపించలేరు. పేరు మార్చారు, వృత్తి మార్చారు, మొగుణ్ణి తెచ్చారు, నంబరు మాత్రం మార్చలేకపోయారు. ఆ నంబరు పట్టుకుని వెనక్కి పోతే దమయంతి కనిపించింది. 1935 కాగితానికి పేజీ పేజీకి ఆమె సంతకం ఉంది, వేలిముద్రతో సరిపెట్టలేదు. గుండ్రటి అక్షరాలు, తడబాటు లేదు. అప్పట్లో మా వీధిలో సంతకం చేయగలిగిన ఆడవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు?

మీ పాఠకుల్లో ఇలా వెతకాలనుకునే వాళ్లకు నా వృత్తి తరఫున ఒకటి రెండు మాటలు. ఆన్‌లైన్ ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో, 1983 ముందువి రావు. పాతవి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి ఇండెక్సు పుస్తకాలు చేత్తో తిప్పించుకోవాలి. మనిషి పేరుతో వెతికేది ఒకటి, ఆస్తి ఉన్న ఊరితో వెతికేది ఒకటి ఉంటాయి. ఆడవాళ్ల విషయంలో పేరుతో పోతే దొరకరు, పేర్లు మారిపోయి ఉంటాయి. ఇల్లు మాత్రం కదలదు కాబట్టి ఊరితో వెతకండి. గుడి మాన్యం అనుభవించిన ఇళ్లయితే 1860లలో సర్కారు మాన్యాల లెక్క రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు చూడండి, గుడి మేళం చేసినవాళ్ల పేర్లు అక్కడ ఉంటాయి. దేవదాసీల మాన్యాలను గుడి సేవ నుంచి విడిపించింది 1929 చట్టం, పిల్లల్ని గుడికి అర్పించడం నిషేధించింది 1947 చట్టం. రెండూ రావాల్సిన చట్టాలే. వాటికోసం పోరాడిన ముత్తులక్ష్మీరెడ్డి గారికి ఆ ఇళ్ల కూతుళ్లు రుణపడి ఉన్నారు. అయితే సంస్కర్తలు ఆ ఆడవాళ్లను బయటికి లాగేటప్పుడు వాళ్ల పాటను, ఆటను కూడా పాపం కింద జమకట్టారు. కందుకూరి వారి పుట్టినరోజే నాటకరంగ దినోత్సవం అయింది, అందుకు అభ్యంతరం లేదు. భోగం మేళాల మీద ఆయన చేసిన యుద్ధం ఎవరి పొట్ట మీదికి కూడా వచ్చిందో ఆ రోజు వ్యాసాల్లో ఒక్క వాక్యమైనా ఉంటే బాగుంటుంది.

వెతకడంలో ఇంకో చిక్కు ఉంది, అది సర్కారు గీతల వల్ల వచ్చింది. ముత్తవ్వ పుట్టినప్పుడు చిత్తూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందువి చాలావరకు మద్రాసు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో చూడాలి. 1960లో తిరుత్తణి వైపు మద్రాసుకు పోయింది, సత్యవేడు మనకొచ్చింది. 2022లో శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలో చేరింది. ఆమె ఆడిన బళ్లారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది, 1953లో మైసూరుకు పోయింది. ఆమె మాత్రం ఒక్క జిల్లాలోంచి పక్క జిల్లాలోకి పోయినట్టు పోయింది. చిత్తూరులో మీటర్‌గేజి బండెక్కి, పాకాల, కదిరి, ధర్మవరం, గుంతకల్లు మీదుగా బళ్లారి చేరేదట. హార్మోనియం పెట్టె సీటు మీద, తను నేల మీద కూర్చునేదని పెద్దత్త చెప్తుంది. పెట్టెకు దెబ్బ తగిలితే కంపెనీ వాళ్లు జీతంలో కోసేవారట. బళ్లారి ఎండ గురించి, అక్కడి జనం పద్యానికి వన్స్‌మోర్ కొట్టే తీరు గురించి ముసలితనంలో కూడా చెప్పేదట. నాటకాలంటే ముఖం తిప్పుకునే మా పెద్దత్తే ఇవి చెప్పేటప్పుడు నవ్వుతుంది, అదీ చిత్రం.

నాటకం ఎప్పుడు మానేసింది అంటే 1932 ప్రాంతం. ఆ ఫిబ్రవరిలో భక్త ప్రహ్లాద వచ్చింది. టాకీ వచ్చాక మా ఊళ్లలో చిన్న కంపెనీలు డేరా ఎత్తేశాయి. మూడణాల నేల టికెట్టుకి అదే పద్యం తెర మీద వినిపిస్తుంటే డేరాలోకి ఎవరొస్తారు? సినిమాకు పోవాలంటే బొంబాయో కలకత్తానో పోవాలి, కొడుకు హైస్కూల్లో ఉన్నాడు. పోలేదు.

గ్రామఫోను రికార్డు ఇచ్చిందనీ ఇంట్లో మాట ఉంది. "మీ ముత్తవ్వ ప్లేటు ఇచ్చిందిరా, మీ తాత పగలగొట్టినాడు" అంటుంది పెద్దత్త. ఇందులో రెండో ముక్క నిజమైతే మొదటిదీ నిజమే అయ్యుండాలి. అవి లక్కతో చేసిన ప్లేట్లు, కింద పడితే ముక్కలే. ఒక్కో వైపు మూడు నిమిషాలు, ఎంత పెద్ద పద్యమైనా, ఎంత రాగం తీసేవాళ్లైనా మూడు నిమిషాల్లో ముగించాలి. మా ఇంటి ప్లేటు పోయినా అదే ప్లేటు ఇంకో ఇంట్లో, ఇంకో అటక మీద ఉండొచ్చు. పాత రికార్డులు దాచుకున్నవాళ్లు చిత్తూరు, తిరుపతి రెండు జిల్లాల్లోనూ ఉన్నారని తెలుసు. లేబుల్ మీద తెలుగు పేరు వెతక్కండి, చాలావాటికి ఇంగ్లీషు అక్షరాల్లో "మిస్" అని మొదలయ్యే పేరు ఉంటుంది. లేబుల్ చిరిగిపోయి ఉంటే, పాట అయిపోయాక మధ్యలో ఉండే నున్నటి భాగంలో చెక్కిన నంబరు ఉంటుంది, అది ఫోటో తీయండి. కాగితం చిరుగుతుంది గానీ ఆ నంబరు పోదు.

ఆఫీసుల సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పందిరేసి టికెట్టు పెట్టి ఆట ఆడాలంటే 1888 నాటి బహిరంగ వినోద స్థలాల చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. అంటే ప్రతి కంపెనీకీ ఒక దరఖాస్తు, ఒక ఫైలు. ఆ ఫైళ్ల కోసం ఒక ఆఫీసుకు పోతే, రికార్డు రూం ఖాళీ చేసేటప్పుడు గోనెసంచుల్లో కట్టి తూకానికి ఇచ్చేశామన్నారు. నియమం ప్రకారమే ఇచ్చారు, కాదనను. ఫైలు మీద ఆర్.డిస్. అని పడితే శాశ్వతం, డి.డిస్. అని పడితే పదేళ్లు. నాటకం లైసెన్సుకు ఆర్.డిస్. ఎవరు వేస్తారు? ఒక ఊళ్లో ఏ రాత్రి ఏ కంపెనీ ఏ నాటకం ఆడిందో, ఎవరెవరు ఆడారో చెప్పగలిగిన కాగితాలు పొట్లాల కింద పోయాయి. మిగిలిన మునిసిపాలిటీల్లో, తాలూకా ఆఫీసుల్లో ఇంకా పోకుండా ఉన్నవి ఉంటే, తూకానికి వేసే ముందు యూనివర్సిటీ తెలుగు విభాగం వాళ్లనైనా ఒకసారి పిలిచి చూపించమని కలెక్టర్లిద్దరికీ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. సీమ నాటకాల్లో ఆడిన ఆడవాళ్ల మీద ఒక విద్యార్థిని పీహెచ్‌డీ మొదలుపెడితే, ఆ అమ్మాయికి పాత దస్తావేజులు చదివిపెట్టే బాధ్యత నాది. డబ్బులేమీ వద్దు.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. ఏప్రిల్ 16 వ్యాసానికి సవరణగా నాలుగు పంక్తులు వేయండి: రాఘవ గారి పిలుపుకు ముందే సురభి కుటుంబాల స్త్రీలు, కళావంతుల స్త్రీలు తెలుగు స్టేజీ మీద ఉన్నారని. రెండోది, ఆదివారం అనుబంధంలో ఒక మూల, వారం వారం కాకపోయినా నెలకొకసారి, పాఠకులు పంపే పాత నాటక కరపత్రాలు అచ్చువేయండి. 1935కు ముందువైతే మరీ మంచిది. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి, వెంకటగిరి వైపు పాత ఇళ్లల్లో ట్రంకుపెట్టె మూతలు తెరిచి చూడమని చెప్పండి. నాకు తెలిసి అప్పటి ఆడవాళ్లు దాచుకోవాలనుకున్నది పెట్టె లోపల పెట్టేవారు కాదు, పెట్టె అడుగున పరిచేవారు, లేదా మూతకు అతికించేవారు.

పంపేవాళ్లు అసలు కాగితం పంపొద్దు, ఫోన్‌లో ఫోటో తీసి మీ చిత్తూరు కార్యాలయానికి పంపితే చాలు, నేను అక్కడి నుంచి తీసుకుంటాను. వెనకవైపు కూడా తీయమనండి. ఆ రోజుల్లో కరపత్రం వెనక తెల్లగా ఉంటే చాకలి పద్దో, కొట్టు బాకీయో రాసుకునేవారు. తేదీ దొరికేది చాలాసార్లు అక్కడే.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
చిత్తూరు